గుంటూరు నుంచి ఫ్రైబుర్గ్‌కు: విదేశంలో మొబైల్ డేటా సమకూర్చుకున్న నా అనుభవం

విదేశానికి వెళ్తున్నామని చెప్పగానే, ఫోన్ సంగతి ఏమిటని అడిగిన ప్రతివారూ ఇచ్చిన సలహా ఒక్కటే: "రోమింగ్ ప్యాక్ వేయించుకోండి, సరిపోతుంది." మా అమ్మాయి చదువుకుంటున్న జర్మనీలోని ఫ్రైబుర్గ్‌కు వెళ్లడానికి నేనూ మావారూ సిద్ధమవుతూ, ఆ సలహా మా అవసరాలకు ఎంతవరకు సరిపోతుందో ముందు ఇంట్లో కూర్చుని ఆలోచించుకున్నాం. నా పెన్షన్ ఖాతా, మా ఇద్దరి కార్డులు, తెనాలిలో ఉన్న మా అత్తయ్యగారి మందుల చెల్లింపులు, అన్నింటి ఓటీపీలూ మన దేశపు నంబర్లకే వస్తాయి. అత్తయ్యగారిని కనిపెట్టుకుని ఉండే ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోన్ కాబట్టి, ఏదైనా అవసరం వస్తే ఆమె చేయగలిగింది మామూలు కాల్ మాత్రమే. అంటే మన నంబరు అక్కడ కూడా పనిచేస్తూ ఉండి తీరాలి. దారి చూసుకోవడానికి, రైళ్ల వేళలు తెలుసుకోవడానికి, వాట్సాప్‌లో మాట్లాడుకోవడానికి కావలసిన డేటా మాత్రం ఏ సిమ్ నుంచి వచ్చినా ఒకటే, ఎందుకంటే డేటా ఇచ్చే సిమ్ మారినంత మాత్రాన వాట్సాప్‌లో మన నంబరు మారదు. ఈ రెండు పనులనూ విడివిడిగా చూడటం మొదలుపెట్టాకే మిగిలిన నిర్ణయాలు తేలిగ్గా కుదిరాయి.

అరండల్‌పేటలో మేము ఎప్పుడూ రీచార్జ్ చేయించుకునే దుకాణానికి వెళ్లి మా ఆలోచన చెబితే, అక్కడి అబ్బాయి వేరే మాటేదీ ఎత్తకుండా, "మేడమ్, ముందు మీ ఫోన్లలో ఈ-సిమ్, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్ సౌకర్యం ఉందో లేదో చూద్దాం. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టండి" అన్నాడు. నా ఫోన్‌లో ఐఎంఈఐ నంబర్లతో (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్యలు) పాటు ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య కూడా కనిపించింది, మావారి ఫోన్‌లో ఐఎంఈఐ నంబర్లు మాత్రమే వచ్చాయి. ఈఐడీ కనిపించిందంటే ఆ ఫోన్‌లో ఈ-సిమ్‌ను నిలుపుకొనే చిప్ ఉన్నట్టు లెక్క. కాబట్టి నాకు ప్రయాణపు ఈ-సిమ్, మావారికి అక్కడ దిగాక కొనే ప్లాస్టిక్ సిమ్ అని అప్పుడే తేలిపోయింది.

నా భారతీయ నంబరును కూడా ఈ-సిమ్‌గా మార్చుకుంటే సిమ్ ట్రే ఖాళీ అవుతుందని, జర్మనీలో కొన్న సిమ్‌ను అందులో వేసుకోవచ్చని ఆ అబ్బాయి ఇంకో మార్గం కూడా చూపించాడు. ఆలోచన మంచిదే గానీ, ప్రయాణం దగ్గర పడ్డాక ఆ పని పెట్టుకోకూడదని నా అభిప్రాయం. మన నంబరు మీద ఇంకొకరు దొంగతనంగా కొత్త సిమ్ తీసుకునే మోసాలను అరికట్టడానికి 2022 నవంబరులో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశం ప్రకారం, సిమ్ మార్చుకున్న నంబరుకు 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. టికెట్లు, బీమా, ఫారెక్స్ కార్డు అంటూ గంటకో ఓటీపీ అవసరమయ్యే రోజుల్లో అది పెద్ద అడ్డంకి అవుతుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన దాన్ని కావడం వల్ల, ఒక్క ఓటీపీ సమయానికి రాకపోతే ఖాతాదారులు ఎంత కంగారుపడతారో కౌంటర్ ఇవతల నుంచి చూసినదాన్ని. అందుకే నా సిమ్‌ను ఉన్నచోటనే ఉంచేశాను.

ప్రయాణపు ఈ-సిమ్ కొనడంలో కొంత జాగ్రత్త అవసరమైంది. విదేశీ సిమ్‌లను మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. అది లేదన్న కారణంతోనే 2024 జనవరిలో ఈ-సిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై ఆప్‌లను మన దేశపు ఆప్ స్టోర్‌ల నుంచి తొలగించారు. ఆ సంగతి తెలుసు కనుక అనుమతి ఉన్న సంస్థ దగ్గరే కొన్నాను. వాళ్లు పాస్‌పోర్టు, వీసా, టికెట్ ప్రతులు అడిగి తీసుకున్న తరువాతే క్యూఆర్ కోడ్ పంపించారు. డబ్బు కట్టే ముందు రెండు విషయాలు పట్టుబట్టి తెలుసుకున్నాను. గడువు ఈ-సిమ్ ఫోన్‌లోకి ఎక్కించిన క్షణం నుంచి మొదలవుతుందా, లేక అక్కడి నెట్‌వర్క్ అందుకున్నప్పటి నుంచా అన్నది ఒకటి. 'యూరప్ ప్యాక్' అన్న పేరు కింద ఏయే దేశాలు ఉన్నాయన్నది రెండోది. ఫోన్ తీసిన ఉద్యోగి "యూరప్ అంటే అన్నీ వస్తాయి మేడమ్" అన్నాడు గానీ, నేను అడిగి తెప్పించుకున్న దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ లేదు. ఫ్రైబుర్గ్ నుంచి స్విట్జర్లాండ్ నగరం బాజెల్ రైల్లో గంట దూరంలోపే ఉంటుంది కాబట్టి మాకు అది చిన్న విషయం కాదు.

ఈ-సిమ్‌ను ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ వైఫై ఉండగానే ఎక్కించుకున్నాను. క్యూఆర్ కోడ్ ఏ ఫోన్‌కు వచ్చిందో ఆ ఫోన్ కెమెరాతోనే దాన్ని స్కాన్ చేయడం కుదరదు కాబట్టి, బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపులో కాగితం మీద తీయించుకున్నాను. ఆ కోడ్ సాధారణంగా ఒక్కసారే పనిచేస్తుంది. ఎక్కించిన ఈ-సిమ్‌ను తొందరపడి తొలగిస్తే మళ్లీ కొనుక్కోవలసి రావచ్చు.

అందరూ తికమకపడేది ఆ తరువాతి సెట్టింగుల దగ్గరే కనుక దీన్ని వివరంగా రాస్తున్నాను. 'డేటా రోమింగ్' అనే స్విచ్ ఫోన్ మొత్తానికి ఒకటి కాదు, ఒక్కొక్క సిమ్‌కు ఒక్కొక్కటి ఉంటుంది. భారతీయ సిమ్‌కు దాన్ని ఆపివేయాలి, ప్రయాణపు ఈ-సిమ్‌కు తప్పనిసరిగా వేయాలి. ఇలాంటి ఈ-సిమ్‌లు చాలావరకు ఏదో వేరే దేశపు సంస్థవి, జర్మనీలో అవి కూడా రోమింగ్‌లోనే ఉంటాయి. రోమింగ్ అంటే ఖర్చు అన్న భయంతో రెండింటికీ ఆపేస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి గానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. దానికి తోడు, ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానుగా రెండో సిమ్ డేటాకు మారిపోయే సౌకర్యం ఒకటి ఉంటుంది. మన ఊళ్లో అది మేలే చేస్తుంది, విదేశంలో మాత్రం దాన్ని ఆపి ఉంచాలి. ఫోటోల బ్యాకప్‌ను, ఆప్‌ల అప్‌డేట్లను వైఫైకే పరిమితం చేసి, ఫ్రైబుర్గ్ మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకున్నాను.

మన నంబర్ల విషయంలో చేసిన పని తక్కువే అయినా, అది చేయకపోతే మిగిలినదంతా వృథా అయ్యేది. మాది ప్రీపెయిడ్ కనుక మేము తిరిగి వచ్చేదాకా గడువు ఉండేలా ముందే రీచార్జ్ చేయించి, అంతర్జాతీయ రోమింగ్ సేవను ప్రారంభింపజేసుకున్నాం. నా నంబరుకు మాత్రం కొన్ని ఇన్‌కమింగ్ నిమిషాలు, కాస్త డేటా ఉన్న చిన్న ప్యాక్ కూడా వేయించాను. మా ఆపరేటర్ రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు డబ్బు తీసుకోదు, ఎత్తిన కాల్‌కు మాత్రం నిమిషాల లెక్కన తీసుకుంటుంది. తెనాలి నుంచి వచ్చే కాల్ ఎత్తాలా వద్దా అని వెనుకాడే పరిస్థితి ఉండకూడదని ఆ ప్యాక్ తీసుకున్నాను, ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు. యూపీఐ ఆప్‌లలో నుంచి లాగ్ అవుట్ కావద్దని, వాటిని తీసేసి మళ్లీ వేయవద్దని మావారికి గట్టిగా చెప్పాను. కొత్తగా నమోదు చేసుకునేటప్పుడు ఆ ఆప్ మన సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి నంబరును నిర్ధారించుకుంటుంది, సిమ్ ట్రేలో లేకపోతే ఆ పని జరగదు.

శంషాబాద్‌లో విమానం ఎక్కగానే రెండు ఫోన్లనూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాం. కొన్ని విమానాల్లో ఉండే ప్రత్యేక మొబైల్ నెట్‌వర్క్ మామూలు రోమింగ్ ప్యాకుల్లోకి రాదు, ఫోన్ దాన్ని అందుకుంటే విడిగా ఛార్జీలు పడే అవకాశం ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఫ్లైట్ మోడ్ తీయగానే నా భారతీయ నంబరుకు ఆపరేటర్ పంపిన స్వాగత ఎస్సెమ్మెస్ వచ్చింది. ఆ మాత్రం సందేశం రావడమంటే ఓటీపీలకు కూడా దారి తెరుచుకున్నట్టేనని మనసు కుదుటపడింది. ఈ-సిమ్ మాత్రం నెట్‌వర్క్ పేరు చూపిస్తున్నా డేటా ఇవ్వలేదు. ఫ్లైట్ మోడ్ మళ్లీ వేసి తీసినా ఫలితం లేకపోవడంతో, విమానాశ్రయపు ఉచిత వైఫైలోకి వెళ్లి అమ్మినవాళ్లు పంపిన మెయిల్ తెరిచి, అందులో ఉన్న ఏపీఎన్ (డేటా కోసం ఫోన్ ఏ దారిన ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో చెప్పే సెట్టింగు) పేరును ఒక్కొక్క అక్షరం సరిచూసుకుంటూ సెట్టింగుల్లో నింపాను. పై వరుసలో 4జీ గుర్తు వెలిగింది. వెంటనే అమ్మాయికి వీడియో కాల్ చేస్తే, "అమ్మా, అప్పుడే నెట్ వచ్చేసిందా!" అని సంబరపడింది.

మావారి సిమ్‌కు మర్నాడు ఫ్రైబుర్గ్‌లోనే ఒక దుకాణానికి వెళ్లాం. జర్మనీలో 2017 జులై నుంచి ప్రీపెయిడ్ సిమ్ కొనేవారి గుర్తింపును సరిచూడటం చట్టప్రకారం తప్పనిసరి. అక్కడి ఉద్యోగిని పాస్‌పోర్టు చూసి, స్థానిక చిరునామా అడిగితే అమ్మాయి గది చిరునామా ఇచ్చాం. భారతీయ సిమ్‌ను తీసి, పారేసుకోకుండా పాస్‌పోర్టు కవరు లోపల అతికించి పెట్టే అవసరం రాలేదు; మావారి ఫోన్‌లో రెండో ట్రే ఖాళీగానే ఉంది కనుక రెండు సిమ్‌లనూ ఫోన్‌లోనే ఉంచగలిగాం. అటువంటి ఫోన్ ఉన్న పెద్దవాళ్లకు ఇదే అన్నింటికన్నా సులువైన పద్ధతి అని నేను నమ్ముతున్నాను.

బాజెల్ వెళ్లిన రోజున, ముందుగా తెప్పించుకున్న జాబితా విలువ తెలిసింది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 2017 జూన్ 15 నుంచి రోమింగ్‌కు అదనపు ఛార్జీలు లేవు, ఆ నిబంధనను 2032 దాకా పొడిగించారు కూడా. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు కనుక ఆ రక్షణ అక్కడ వర్తించదు. స్విట్జర్లాండ్‌ను తమంతట తాముగా కలిపి ఇచ్చే ప్లాన్‌లు కొన్ని జర్మనీలో ఉన్నాయి, మావారు కొన్నది అలాంటిది కాదు. సరిహద్దు దగ్గర ఫోన్‌కు ఏ వైపు టవర్ బలంగా అందితే దాన్నే పట్టుకుంటుంది. బాజెల్ బాడిషర్ స్టేషన్ స్విట్జర్లాండ్ నేల మీద ఉంది, నడిపేది మాత్రం జర్మన్ రైల్వే. అందుకే సరిహద్దుకు ఇవతల జర్మనీలో ఉన్న వైల్ ఆమ్ రైన్ స్టేషన్ రాకముందే మావారి ఫోన్‌లో డేటా ఆపేశాం. నా ఈ-సిమ్ అక్కడ మౌనంగా ఉండిపోయింది. ఆ రోజంతా ఆఫ్‌లైన్ మ్యాప్‌తోనే రైన్ నది ఒడ్డున తిరిగాం, ఇబ్బందేమీ కలగలేదు.

ఒక సాయంత్రం అత్తయ్యగారి పని మీద మన దేశపు సైట్ ఒకటి తెరవబోతే, ఈ-సిమ్ మీదా, అమ్మాయి గదిలోని వైఫై మీదా అది తెరుచుకోలేదు. భద్రత కోసం విదేశీ ఐపీ చిరునామాలను (మనం ఏ నెట్‌వర్క్ నుంచి వస్తున్నామో సైట్‌కు తెలిపే సంఖ్యలు) అనుమతించని సైట్లు ఉంటాయి. భారతీయ సిమ్‌తో రోమింగ్‌లో వాడే డేటా సాధారణంగా మన ఆపరేటర్ నెట్‌వర్క్ దాకా వెనక్కి వచ్చి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది కాబట్టి ఆ సైట్‌కు మనం ఇండియాలో ఉన్నట్టే కనిపిస్తాం. వేగం కాస్త తగ్గుతుంది. ప్యాక్‌లో ఉన్న కొద్దిపాటి డేటాను ఆ కాసేపటికి వేసుకుని, ఓటీపీ అందుకుని, చెల్లింపు పూర్తిచేసి వెంటనే ఆపేశాను. తెనాలిలో మందులు మర్నాడు పొద్దునకల్లా ఇంటికి చేరాయి.

తిరిగి వచ్చాక శంషాబాద్‌లోనే భారతీయ సిమ్‌ను డేటాకు ఎంచుకుని, గడువు తీరిన ఈ-సిమ్‌ను తొలగించాను. మావారి జర్మన్ సిమ్ ఆయన పేరు మీద నమోదైనది కనుక ఎవరికీ ఇవ్వకుండా తీసి లోపల పెట్టేశాం. గుంటూరు చేరాక ఆపరేటర్ ఆప్‌లో వాడకం వివరాలు తెరిచి చూసుకుంటే, ప్యాక్‌కు బయట పడిన ఛార్జీ ఏదీ కనిపించలేదు.