ట్రావెలర్ల ఇళ్ల ప్రణాళికపై నేను లేఖ పంపిన వైనం – నా అనుభవం

డబ్లిన్ శివారులో మా వీధి వెనక ఉన్న ఖాళీ స్థలంలో ట్రావెలర్ (ఐర్లండ్‌లో తరతరాలుగా సంచార జీవనం గడిపిన అల్పసంఖ్యాక తెగ) కుటుంబాల కోసం ఆరు ఇళ్లు కట్టాలని మా కౌంటీ కౌన్సిల్ ప్రతిపాదించింది. దానిపై నిన్న రాత్రే నా లేఖ పంపాను.

కౌన్సిల్ తానే కట్టే ఇళ్లు కాబట్టి ఇది పార్ట్ 8 అనే అనుమతి పద్ధతిలో నడుస్తుంది. నక్షాలు కనీసం నాలుగు వారాలు చూడనిస్తారు, ఆపైన రాయడానికి మరో రెండు వారాల గడువు ఉంటుంది, రుసుము లేదు. ప్రజలు రాసినవాటిపై నివేదిక కౌన్సిలర్ల ముందుకు వెళ్తుంది. అక్కడివరకు సులువే.

సమాచార సమావేశంలోనే నా పరువు పోయింది. ఆ ఇళ్లు వద్దంటూ వాట్సాప్ గుంపులో ఇరుగుపొరుగువారు పంచిన నమూనా లేఖలో ట్రాఫిక్, మురుగునీరు, పిల్లల భద్రత అన్నీ ఉన్నాయి గాని, ట్రావెలర్లు అన్న మాట మాత్రం ఒక్కచోటా లేదు. ఆ లేఖను మడిచి చేతిలో పట్టుకుని, బల్లపై పరచిన నక్షా ముందు నిలబడి, మురుగు కాలువ ఎటు పోతుందని ఇంజనీరును ఎంతో పెద్దమనిషి తరహాలో అడిగాను. పక్కనున్న ట్రావెలర్ పెద్దావిడ తన కారవాన్ (చక్రాల ఇల్లు) ఇప్పుడు నిలిచి ఉన్న చోట వేలు పెట్టి, "మీ ఇల్లు కొనేటప్పుడు ఈ ప్రశ్న అడిగారా?" అంది. అడగలేదన్నాను. "మా నాలుగు కారవాన్లకు కలిపి కుళాయి ఒక్కటే, చలికాలంలో అదీ గడ్డకడుతుంది" అని, నా చేతిలోని కాగితం వైపు చూసి ఊరుకుంది. ఇంజనీరు తల వంచుకుని స్కేలు సర్దుకున్నాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఫోనులో నా పేరు వినగానే అద్దె గది ఖాళీ లేదన్న వారిని ఇప్పటికీ తిట్టుకునే నేను, ఆ రోజు వారి వరుసలోనే నిలబడి ఉన్నాను.

ప్రతి కౌన్సిలూ ట్రావెలర్ల వసతికి కార్యక్రమం తయారు చేయాలని 1998లోనే చట్టం చేశారు. అయినా ఇచ్చిన నిధులను ఖర్చు చేయకుండా ఏళ్ల తరబడి మిగిల్చిన కౌన్సిళ్లు చాలా ఉన్నాయి. 2015 అక్టోబరులో డబ్లిన్‌లోని కారిక్‌మైన్స్‌లో ట్రావెలర్ల స్థలంలో రేగిన మంటల్లో పదిమంది చనిపోతే, బతికినవారికి తాత్కాలికంగా చోటివ్వబోయినప్పుడు స్థానికులు దారికి అడ్డుపడ్డారు. మా గుంపులోనివారు దీన్ని తలవనైనా తలవరు.

ఇక ఆన్‌లైన్ ఫారం సంగతి. రెండు గంటలు కూర్చుని మద్దతుగా రాసినదంతా ఫారం తెరిచి ఎక్కువసేపైందంటూ మాయమైంది, కనుక ముందు వేరే ఫైలులో రాసుకోండి. నమూనా లేఖను నమ్ముకోవద్దు, వంద మంది ఒకే లేఖ పంపినా నివేదికలో అది ఒక్క అంశంగానే నిలుస్తుంది. పైగా మనం రాసినది మన పేరుతోనే అందరికీ కనిపిస్తుందని ఫారం చివర చిన్న అక్షరాల్లో ఉంది.

అది చదివి మా ఆవిడ, "ఏవండీ, రేపు పక్కింటివాళ్లు మొహం తిప్పుకుంటే?" అంది. నేను ఫారంలో ‘పంపు’ అన్న మీట నొక్కాను. పొద్దున పక్కింటాయన చెత్తడబ్బా లాక్కుంటూ ఎప్పటిలాగే పలకరించాడు, నివేదిక ఇంకా బయటికి రాలేదు కదా.