సగం ప్రదక్షిణ

కాళ్ళు పీకేస్తున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. ఇక్కడ అమెరికాలో మౌంట్ రేనియర్ అనే మంచుకొండ నుంచి ఏడింటికల్లా ఇంటికొచ్చి పడ్డాం. అంత తొందరగా వచ్చేశామనే ఈ బాధ.

అక్కడి స్కైలైన్ ట్రైల్ చుట్టు దారి. కొండ మీద ప్యారడైజ్ అనే చోట మొదలుపెట్టి అయిదున్నర మైళ్ళు నడిస్తే మళ్ళీ అక్కడికే వస్తాం. పొద్దున మ్యాప్ చూపిస్తే అమ్మ దాని మీద గోటితో మెల్లగా గీస్తూ, "ఎడమ పక్కన ఎక్కి కుడి పక్కన దిగుతామన్నమాట. ప్రదక్షిణే" అంది. నిజానికి కొండ మొత్తం చుట్టి వచ్చేది వండర్‌ల్యాండ్ ట్రైల్, 93 మైళ్ళు. ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

పనోరమా పాయింట్ దాకా బాగానే ఎక్కింది. 6,800 అడుగులు. ఎండ, ఇంకా కరగని మంచు చారలు, దక్షిణాన టటూష్ కొండల వెనక ఆడమ్స్, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతాలు. 1980లో పేలినప్పుడు హెలెన్స్ నెత్తి మీద 1,300 అడుగులు ఎగిరిపోయాయని చిన్నది చెబుతుంటే, "పాపం, మొండి కొండ" అంది అమ్మ.

సరిగ్గా అప్పుడే మావారు వాచీ చూసుకున్నారు. దారి పొడుగునా అదే వరస: ఎంత ఎత్తు ఎక్కాం, ఎంత స్పీడులో నడుస్తున్నాం, గుండె ఎంత కొట్టుకుంటోంది. పక్కనే ఓ మార్మోట్, పెద్ద ఉడుతలాంటిది, లూపిన్ పూల రెమ్మని రెండు చేతుల్తో పట్టుకుని నములుతుంటే తలెత్తి చూడలేదు. "వెనక్కి తిరిగితే రెండు మైళ్ళు, ముందుకెళ్తే మూడున్నర. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం. అత్తయ్యగారికి మోకాళ్ళు కూడా..." అన్నారు. ఆ మోకాళ్ళు అప్పటిదాకా గుర్తు రాలేదు ఆయనకి! అమ్మ "అలాగే బాబూ" అని కర్ర తీసుకుంది.

సాయంత్రం నుంచీ సింహాచలం గిరి ప్రదక్షిణే కళ్ళ ముందు తిరుగుతోంది. అప్పుడు నేను ఏడో తరగతి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక... దారంతా మజ్జిగ, పులిహోర పెడుతూనే ఉన్నారు. అప్పుఘర్ చేరేసరికి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పిన్ని ఆటో పిలిచింది. అమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, "నువ్వెళ్ళి పడుకో తల్లీ" అని జనంలో కలిసిపోయింది. తెల్లారి ఇంటికొచ్చినప్పుడు ఆమె పాదాలు తారుతో నల్లగా ఉన్నాయి. నాకు ప్రసాదం పెట్టాకే కాళ్ళు కడుక్కుంది. మధ్యలో వచ్చెయ్యమని ఆ రోజు ఆమెని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మావారి మీద కోపంతోనే ఇది మొదలుపెట్టాను. కానీ ఆయన వెనక్కి వెళ్దామన్నప్పుడు నాకూ హాయిగానే అనిపించింది. రాత్రి వంట, రేపటి మీటింగ్ అప్పటికే బుర్రలో తిరుగుతున్నాయి. "నీకెలా ఉందమ్మా?" అని ఒక్క మాట అడగలేదు. అమ్మ మొహం చూసి మనసు తెలుసుకోవడం ఆయనకి రాదు, నాకొచ్చు. కర్ర తీసుకుంటూ మిగిలిన దారి వైపు ఒకసారి చూసింది. అది నేను చూశాను.

ఇందాక మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్తే మ్యాప్ మడిచి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంటోంది. "మళ్ళీ ఎక్కడం నావల్ల కాదులే" అంది, నేనేమీ అడక్కముందే.

అవతలి పక్క నుంచి మొదలుపెడితే మిర్టిల్ జలపాతం అర మైలు దూరమే, నున్నటి దారి. మరి అది అప్రదక్షిణం అంటుందేమో. అమ్మ తిరిగి ఊరెళ్ళేలోపు ఇంకా రెండు శనివారాలున్నాయి.