సబద్‌షాగ్ టేర్ నుంచి కొమార్నో వంతెన దాకా

బుడాపెస్ట్‌లో పార్లమెంటు చూసి దక్షిణంగా నడిస్తే సబద్‌షాగ్ టేర్ అనే కూడలి వస్తుంది. అక్కడ 2014లో పెట్టిన జర్మన్ ఆక్రమణ స్మారకం చూసి ఒళ్లు మండింది. పైనుంచి జర్మనీ గుర్తుగా గద్ద దూకుతోంది, కాలికి 1944 అన్న కడియం. కింద దేవదూత గాబ్రియేల్ రూపంలో హంగరీ. చూసినవాడికి తప్పంతా బయటివాడిదే అనిపిస్తుంది. ఎదురుగా దీనికి నిరసనగా, చనిపోయిన యూదుల గుర్తుగా జనం తెచ్చి పెట్టినవి ఉన్నాయి: తడవకుండా ప్లాస్టిక్‌లో దాచిన ఫొటోలు, ఉత్తరాలు, పాత సూట్‌కేసులు, గులకరాళ్లు. ముందు వాటినే చూడండి.

1944 మార్చి 19న జర్మన్ సైన్యం వచ్చింది, నిజమే. కానీ యూదుల తరలింపు నడిపిన నాజీ అధికారి ఐక్‌మన్ వెంట వచ్చింది కొద్దిమందే. ఇల్లిల్లూ తిరిగి యూదులను బయటికి లాగింది హంగరీ జెండార్మ్‌లు, అంటే పల్లెల పోలీసులు. జాబితాలు రాయించింది స్థానిక అధికారులు, మన లెక్కలో తాసిల్దార్లు. వాళ్లందరి పైన హోంమంత్రి అందోర్ యరోష్, ఆయన కింద కార్యదర్శులు లాస్లో బాకి, లాస్లో ఎండ్రె. ఘెట్టోల (యూదులను బంధించి ఉంచే పేటల) రహస్య ఉత్తర్వు ఏప్రిల్ 7న ఆ శాఖ నుంచే వెళ్లింది. ఇంటి నుంచి ఘెట్టోకి, అక్కణ్నుంచి చాలాచోట్ల రైలు పట్టాల దగ్గరి ఇటుక బట్టీకి, ఆపైన గూడ్సు పెట్టెల్లోకి. పెట్టెకు సుమారు 70 మంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఎక్కువ రైళ్లను కషా (నేటి స్లొవాకియాలోని కోషిత్సె) స్టేషన్‌లో జర్మన్లకు అప్పగించేవారు. మే 15 నుంచి జూలై 9 లోపల 4,37,000 మందికి పైగా, దాదాపు అందరూ నాజీల హత్యా శిబిరం ఆష్విట్జ్‌కే.

సబద్‌షాగ్ టేర్ నుంచి ఉత్తరంగా కాస్త నడిస్తే మార్కో వీధి. 1946 ఏప్రిల్ 11న యుద్ధనేరాల శిక్షగా యరోష్‌ను కాల్చి చంపింది అక్కడి జైల్లోనే. చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

యరోష్ పుట్టింది 1896లో, ఇప్పుడు స్లొవాకియాలో ఉన్న కొమార్నో వైపు పల్లెలో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ప్రాంతం చెకోస్లొవేకియాకి పోతే అక్కడి హంగేరియన్ల పార్టీకి నాయకుడయ్యాడు. 1938 నవంబరు 2న జర్మనీ, ఇటలీ ఇచ్చిన వియన్నా తీర్పుతో చెకోస్లొవేకియా దక్షిణ అంచు తిరిగి హంగరీకి దక్కింది, ఆయన బుడాపెస్ట్‌లో మంత్రయ్యాడు. మైనారిటీ బాధ ఏమిటో తెలిసిన మనిషి ఆ పని చేయడమే నాకు మింగుడుపడదు.

బుడాపెస్ట్ నుంచి గ్యోర్ వైపు రైలెక్కి కొమారోమ్‌లో దిగండి. 1892 నాటి ఇనుప వంతెన మీద డాన్యూబ్ దాటితే కొమార్నో. మామూలుగా సరిహద్దు తనిఖీ ఉండదు, కానీ అవతల యూరోలే, కాఫీకి కూడా హంగరీ ఫోరింట్లను నమ్ముకోవద్దు. 1944 వేసవిలో యూదులను తరలించిన ఊళ్లలో ఇదీ ఒకటి. మిగిలిన కొద్దిమంది యూదులకు మెన్‌హాజ్ అనే భవనంలో చిన్న ప్రార్థనామందిరం ఉంది, ముందుగా మాట్లాడుకునే వెళ్లండి.