మీకూ ఆడపిల్ల ఉంది కదా

"మీకూ ఆడపిల్ల ఉంది కదా మేడమ్" అని అడిగారు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. అడిగినాయన మంచివాడే. లిఫ్ట్ చెడిపోయిన రోజు అత్తయ్యను చెయ్యి పట్టుకుని పైదాకా ఎక్కించింది ఆయనే. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

టీవీలో రెండు రోజులుగా వస్తున్న ఆ కేసు మీద ఎవరో పోల్ పెట్టారు. ఉరి, ఎన్‌కౌంటర్, జైలు. పసిపిల్ల విషయం కాబట్టి వివరాలు ఇక్కడ రాయను. నేను జైలు నొక్కాను. ఎవరు దేనికి నొక్కారో అందరికీ కనిపిస్తుంది కదా, కాసేపటికే ఈ ప్రశ్న వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఇంకొకావిడ "ఇలాంటి వాళ్ళకి జాలి చూపించే వాళ్ళు మన బ్లాకులోనే ఉన్నారా" అని రాసింది. పొద్దున తులసి ఆకులు కావాలని మా బాల్కనీలోకి వచ్చి కోసుకెళ్ళింది ఈవిడే.

జాలి అని నేనెక్కడన్నాను? జైలు అంటే జాలా? పక్క గదిలో మా బుజ్జి లెక్కలు చేసుకుంటోంది. దాని మీద నాకున్న ప్రేమ ఎంతో తెలియాలంటే ఎవరి మెడకో తాడు వెయ్యమని నేను అడగాలా? సాయంత్రమంతా ఇదే. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తు లేదు. మా ఆయన ఫోన్ చూసి "నువ్వెందుకు నొక్కావు, ఊరుకోవలసింది" అన్నారు. అత్తయ్య టీవీ ముందు నుంచి కదలకుండా "ఉరి తియ్యాల్సిందే" అన్నారు. ఇంట్లో కూడా నేనొక్కదాన్నే.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది ఉరి పక్కన ఎన్‌కౌంటర్‌ను కూడా ఒక శిక్ష లాగా పెట్టడం. ఉరికైనా ఒక కోర్టు, ఒక వాదన, హైకోర్టు ఖరారు చెయ్యడం, క్షమాభిక్ష అర్జీ ఉంటాయి. దీనికి అదీ అక్కర్లేదు. మనవాళ్ళకి ఈ అలవాటు ఊరికే రాలేదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేసినప్పుడు జనం వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు, భుజాలకెత్తుకున్నారు, స్వీట్లు పంచుకున్నారు. మర్నాడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే జోధ్‌పూర్‌లో మాట్లాడుతూ, న్యాయం ప్రతీకారంగా మారితే ఇక అది న్యాయం కాకుండా పోతుందన్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. పూలు చల్లిన దృశ్యం మా గ్రూపులో అందరికీ గుర్తే. ఈ నివేదిక మాట ఎత్తితే ఒక్కరూ పలకలేదు.

ఆ డిసెంబర్‌లోనే ఇంకొకటి కూడా జరిగింది. చటాన్‌పల్లి తర్వాత వారం దాటగానే, 14వ తేదీన, తెనాలిలో ఆయేషా మీరా సమాధిని తవ్వించి సీబీఐ వాళ్ళు మళ్ళీ పరీక్షలు చేయించారు. ఆ పిల్లను ఎవరో చంపేసి అప్పటికి పన్నెండేళ్ళు. ఒకచోట వారం పదిరోజుల్లో అంతా తేల్చేశామన్నారు. ఇంకోచోట పన్నెండేళ్ళ తర్వాత ఎముకల్ని అడుగుతున్నారు.

2007 డిసెంబర్‌లో నేను బెజవాడలోనే ఉన్నాను, ఒక లేడీస్ హాస్టల్లో. ఆయేషాకి పదిహేడేళ్ళు, బీఫార్మసీ చదువుతోంది. ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండేది. 27 పొద్దున విషయం తెలిసింది. హాస్టల్ బాత్‌రూమ్‌లో దొరికిందన్న మాట విన్నాక మాలో ఎవరికీ కాళ్ళు ఆడలేదు. మా బాత్‌రూమ్ కూడా వరండా చివర ఉండేది, చీకటిగా. రాత్రి ముగ్గురం కలిసి వెళ్ళేవాళ్ళం. ఒకళ్ళు లోపల, ఇద్దరు బయట. లోపలున్న వాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి, మాట ఆగితే తలుపు కొట్టేవాళ్ళం.

మర్నాడే నాన్న వచ్చారు. చేతిసంచిలో ఇనుప గడియ, స్క్రూలు, స్క్రూడ్రైవర్. హాస్టలావిడ తలుపు పాడవుతుందని గొడవ. నాన్న ఎప్పుడూ ఎవరితోనూ గొంతు పెంచని మనిషి, ఆవిడతో కూడా పెంచలేదు. "తలుపు డబ్బులు నేనిస్తానమ్మా" అని బిగించేశారు. తర్వాత వరండా చివరిదాకా వెళ్ళి, బాత్‌రూమ్‌లోకి తొంగిచూసి, కిందికెళ్ళి బల్బు కొనుక్కొచ్చి పెట్టారు. నన్ను ఇంటికి రమ్మంటారేమోనని నాకు భయం. రమ్మనలేదు. కానీ మా రూమ్మేట్‌ను వాళ్ళ నాన్న తీసుకెళ్ళిపోయారు. పరీక్షలకి కూడా రాలేదు. ఉగాది తర్వాత పెళ్ళి చేసేశారని తెలిసింది. నేరం ఎవరిదో తేలకముందే శిక్ష మాత్రం బెజవాడ హాస్టళ్ళలో ఉన్న ఆడపిల్లలందరికీ కొంచెం కొంచెం పడింది. దాని గురించి ఎవరూ రాయలేదు.

2008 ఆగస్టులో సత్యంబాబు అనే కుర్రాణ్ణి చూపించి ఇతనే అన్నారు పోలీసులు. మా డైనింగ్ హాల్లో టీవీ ముందు అందరం నిలబడి చూశాం. వంట చేసే అక్క గరిటె పట్టుకుని వచ్చి "వీణ్ణి బెంజి సర్కిల్లో ఉరి తియ్యాలి" అంది. కాదన్నవాళ్ళు లేరు. ఆ రాత్రి బాత్‌రూమ్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. అతను దొరకడం వల్ల నాకు దొరికింది అదీ.

అప్పుడు ఆయేషా తల్లి టీవీలోకొచ్చి, నా కూతుర్ని చంపింది ఇతను కాదని చెప్పింది. ఆవిడ తెలిసే చెప్పింది, ఆ రోజూ, ఆ తర్వాత ఏళ్ళ తరబడీ. మా హాస్టల్లో మాత్రం "పాపం, బిడ్డ పోయి మతి చలించింది" అన్నారు. కోపం ఎవరికైతే అందరికన్నా ఎక్కువ ఉండాలో ఆవిడే వద్దంటుంటే, ఏమీ పోగొట్టుకోని మేం కావాలన్నాం. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతన్నే దోషి అని జైలుకి పంపింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్ళకు పైగా లోపలున్నాక అతను రాజమండ్రి జైలు నుంచి ఇంటికెళ్ళాడు. వంటక్క తీర్పే అమలై ఉంటే ఆ లక్ష ఎవరి చేతికిచ్చేవారు?

ఇదంతా గ్రూపులో పెడదామని టైప్ చేశాను. పెద్దగా అయింది. పంపబోతుంటే అత్తయ్య మంచినీళ్ళకి లేచారు. "ఇంకా పడుకోలేదా అమ్మాయ్" అంటే చదివి వినిపించాను. మొత్తం విన్నారు. వినేసి "సరే, ఆ పిల్లాడి విషయంలో నువ్వన్నది నిజమే. మరి బస్సు సంగతో? అక్కడ అనుమానమేముంది?" అన్నారు.

అత్తయ్య పుట్టిల్లు చిలకలూరిపేటకి దగ్గరే. 1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును దోచుకోవాలని ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు పోసి తగలబెట్టారు. 23 మంది చనిపోయారు. ఆ ఇద్దరికీ ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. 1997లో ఇక ఉరి తీసేస్తారనగా ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. పేద దళిత కుర్రాళ్ళని, అంతకుముందు నేరచరిత్ర లేదని, చంపాలని కాదు దోచుకోవాలనే వెళ్ళారని పౌరహక్కుల వాళ్ళు వాదించారు. నేను చదువుకునే రోజుల్నుంచీ వాళ్ళ వైపే ఉన్నాను. డబ్బున్నవాడు ఉరికంబం దాకా వెళ్ళడం ఎక్కడా చూడలేదు కాబట్టి ఇప్పటికీ ఆ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది.

కానీ అర్ధరాత్రి వంటింట్లో నిలబడి అత్తయ్య అడుగుతుంటే అది నోటికి రాలేదు. తెల్లారితే ఊళ్ళో దిగుదామని సీట్లో పడుకున్న మనుషులు వాళ్ళు. మంట అంటుకున్నాక, వీడు దోచుకోవడానికి వచ్చాడా చంపడానికి వచ్చాడా అన్న తేడా వాళ్ళకి ఏం పనికొస్తుంది? అత్తయ్య వాళ్ళ ఊళ్ళో ఆ తర్వాత చాలాకాలం రాత్రి బస్సు ఎక్కాలంటే తలుపు పక్క సీటు కోసం కొట్టుకునేవారట. ఒకడి బదులు ఇంకొకణ్ణి ఉరి తీసేస్తే ఎలా అన్న నా వాదన ఇక్కడ చాలదు. ఇక్కడ చేసింది ఆ ఇద్దరే. అయినా నాకు ఉరి వద్దనే ఉంది, ఎందుకో చెప్పలేకపోయాను. పంపబోయిన మెసేజ్ చెరిపేశాను.

ఫ్రిజ్ మీద ఒక శుభలేఖ ఉంది, దాని మీదే పడింది మా ఇద్దరి కళ్ళూ. మా ఆయన మేనమామను, అంటే అత్తయ్య తమ్ముణ్ణి, పొలం గట్టు తగాదాలో పొలంలోనే నరికారు. సాక్షులు ఎదురు తిరిగి కేసు కొట్టేశారు. ఆ నరికినాయన ఇంట్లోదే పెళ్ళి. ఆయన మనవరాలిది. కొడుకు కారులో వచ్చి, అత్తయ్య కాళ్ళకి దండం పెట్టి మరీ ఇచ్చి వెళ్ళాడు. మా ఆయన వెళ్దామంటున్నారు. "పాతవి తవ్వుకుంటే ఏమొస్తుంది, పిల్లలకి ఆ పగలు ఎందుకు" అని. పగ వద్దనే మనిషిని నేను, నాకు ఆ మాట నచ్చాలి. నచ్చలేదు. వారం నుంచీ ఆయన మీద చిరాకు పడుతున్నది దీనికేనని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. చంపకుండా వదిలెయ్యడం వేరు, వాళ్ళింట్లో విస్తరి ముందు కూర్చోవడం వేరు. ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు ఈయన. గ్రూపులో వాళ్ళూ అంతే. ఉరి వద్దన్నానంటే విస్తరి వేసి కూర్చోబెడతానన్నట్టే వాళ్ళ లెక్క.

అత్తయ్యను అడిగేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. "మీ తమ్ముణ్ణి నరికినాయన్ని ఉరి తీసి ఉంటే మీకు బాగుండేదా?"

వెంటనే చెప్పారు. "వాడు చస్తే నాకేమొస్తుంది? వాడి పెళ్ళాం నేనూ ఒక బళ్ళో చదువుకున్నాం. దాని పసుపు కుంకుమలు పోతే నా తమ్ముడొస్తాడా? నేను చేశానక్కా అని వాడు ఒక్కసారి నా ఎదురుగా చెప్పాలి. ఊరంతా నాకు చెప్పింది, వాడు తప్ప."

మరి సాయంత్రం ఉరి తియ్యాల్సిందే అన్నారే అంటే, "ఆ పసిదాని ఫోటో చూస్తే కడుపు రగిలింది, అన్నాను. అననా?" అన్నారు. అనొద్దని ఎలా చెప్పను? ఆ కోపం తప్పు కాదు. అది లేని మనిషితో నేను ఉండలేను కూడా.

ద్రౌపది గుర్తొచ్చింది. నిద్రపోతున్న తన అయిదుగురు పిల్లల్ని చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, వీడి తల్లి కూడా నాలాగా ఏడవాలా అని వదిలెయ్యమంది. మనం అక్కడితో కథ ఆపేసి ఆవిడ క్షమాగుణం గురించి చెప్పుకుంటాం. తర్వాత అతని జుట్టు తెగ్గోసి, తల మీది మణి ఊడబెరికి, వెళ్ళగొట్టారు. అతను చేసింది అందరికీ తెలిసేలా చేసి పంపారు. దాన్ని క్షమించడం అనకూడదేమో.

అత్తయ్యకు కావలసింది అదే, ఆయేషా తల్లి ఇన్నేళ్ళుగా తిరుగుతున్నదీ దానికే. చేసిందెవరో తేలాలి, తేలినట్టు తనకి నమ్మకం కలగాలి. ఆవిడ నమ్మే జవాబు ఇంకా రాలేదు. ఉరి ఉన్న కేసులో ఆ జవాబు రావడం ఇంకా కష్టం. తల పోతుందని తెలిసినవాడు నేనే చేశానని ఎందుకంటాడు? ఏ వకీలు అననిస్తాడు? ఇక ఎన్‌కౌంటర్ అయితే అడగడానికి మనిషే మిగలడు, ఆ నలుగురిలో ఎవరు ఏం చేశారో ఇక ఏ కోర్టూ చెప్పలేదు. నాకు ఉరి ఎందుకు వద్దో అత్తయ్యకి చెప్పలేకపోయింది ఇదీ అనుకుని సంబరపడబోయాను.

కానీ మేనమామ విషయంలో ఇది కూడా నిలవడం లేదు. కేసు కొట్టేసి దశాబ్దాలైంది, ఆ పెద్దాయనకి ఇప్పుడు ఏ తాడూ లేదు, ఏ జైలూ లేదు. ఎప్పుడైనా వచ్చి చెప్పి ఉండొచ్చు. రాలేదు. కొడుకుతో శుభలేఖ పంపాడు. భయం లేకపోయినా నోరు రానివాళ్ళని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఉరి మాత్రం దానికి మందు కాదు, అంతవరకు తెలుసు.

పెళ్ళికి నేనూ అత్తయ్యా వెళ్ళడం లేదు. బుజ్జిని పంపను. మా ఆయన వెళ్తానంటే ఆపను గానీ, వెళ్ళేముందు వాళ్ళమ్మ దగ్గర కూర్చుని ఆవిడ ఇందాక చెప్పింది వినాలి. పొద్దున కాఫీ దగ్గరే చెబుతాను.