బొప్పాయి నారు: కడిగిన గింజ, నానబెట్టిన గింజ

మిద్దె మీద ఈసారి బొప్పాయి గింజలు మూడు రకాలుగా పెట్టాను. అన్నీ ఒకే పండువి. ఒక ట్రేలో జిగురుతో ఉన్నవి ఉన్నట్టే, ఇంకో దాంట్లో కడిగినవి, మూడో దాంట్లో కడిగాక జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టినవి.

గింజ చుట్టూ ఉండే జెల్లీ పొరలో మొలకను అడ్డుకునే పదార్థాలుంటాయి. టీ జల్లెడలో వేసి, గుప్పెడు ఇసుక కలిపి రుద్దితే పొర చిట్లి, ముడతలుపడ్డ నల్ల గింజ బయటపడుతుంది. నీళ్లలో తేలినవి తీసేశాను.

ఇక హార్మోన్ల సంగతి. గింజను నిద్రలో ఉంచేది అబ్సిసిక్ ఆమ్లం, లేపేది జిబ్బరెల్లిన్ (జిబ్బరెల్లిక్ ఆమ్లం ఈ రకందే). బయటినుంచి జిబ్బరెల్లిన్ అందిస్తే తూకం మొలక వైపు మొగ్గుతుంది.

మందు కొనేటప్పుడు లేబుల్ చూడాలి. ఎరువుల షాపులో మామూలుగా ఇచ్చేది 0.001 శాతం సీసా, అంటే 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10 పాళ్లు). అది పైర్ల మీద పిచికారీకి. నాకు కావలసింది 100 పీపీఎం, నీళ్లు కలపకుండా సీసా మొత్తం పోసినా అందదు. అందుకే 1 గ్రాము పొడి ప్యాకెట్ తెచ్చాను. నీళ్లలో నేరుగా వేస్తే సరిగా కరగదు. ముందు కాస్త సర్జికల్ స్పిరిట్‌లో కరిగించి లీటరు నీళ్లలో కలిపితే 1000 పీపీఎం. దాంట్లో 100 మిల్లీలీటర్లు తీసుకుని 900 నీళ్లు పోస్తే సరి. పొడి 90 శాతమే అయితే బలం కొంచెం తగ్గుతుంది, ఇంటి పనికి ఆ తేడా లెక్కలోకి రాదు. వేడి నీళ్లు మాత్రం వద్దు.

నానబెట్టినవి ముందుగా, దాదాపు ఒకేసారి లేచాయి. కడిగినవి ఆలస్యంగా, విడతలుగా వచ్చాయి. జిగురు ట్రేలో ఇంకా మట్టే కనిపిస్తోంది.

అయితే నానబెట్టిన నారు కాడలు సన్నగా సాగాయి. ఈ హార్మోన్ నైజమే అంత. 1926లో తైవాన్‌లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా దీని జాడ పట్టింది కూడా వరి నారును అలా సాగదీసే బూజు తెగులులోనే. ట్రేను పొద్దుటి ఎండలోకి మార్చి, తడి తగ్గించాను. కడిగిన ట్రేలో మొక్కలు పొట్టిగా, దిట్టంగా ఉన్నాయి. తాజా గింజలకైతే ఇకమీదట కడిగి ఊరుకుంటాను. హార్మోన్ పొడి మాత్రం ఎండబెట్టి దాచిన గింజలకే వాడతాను.

నాలుగాకులు వచ్చాక కవర్లలోకి మారుస్తాను, తర్వాత గుంటకు మూడేసి మొక్కలు నాటే లెక్కన. మగవేవో పూత వచ్చేదాకా తెలియదు కదా.