ఆయన ఆలస్యం చేసినప్పుడు

విరేచనాలు తగ్గిన కొద్ది రోజులకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. తర్వాత మెట్లు ఎక్కలేకపోయాను, ఆ తర్వాత మంచం మీద నుంచే లేవలేకపోయాను. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టినా కాలు ఉలకలేదు. గిలన్ బరే సిండ్రోమ్ అన్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బట. వెన్ను నుంచి నీరు తీశారు, ఆ దాడిని అణచే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు, అప్పులు చేశాం.

ఐసీయూలోని ఒక రాత్రిని మాత్రం మరచిపోలేను. బలహీనత ఛాతీ కండరాలకు పాకిందేమో చూడటానికి నర్సు నన్ను ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంది. సాయంత్రం 22 దాకా వెళ్లాను. అర్ధరాత్రికి 16. తెల్లవారుజామున 13 దగ్గరే ఊపిరి అయిపోయింది. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. కావలివారు ఉదయం కొరకు కనిపెట్టే 130వ కీర్తన నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అంకెలకే చాలని ఊపిరితో దాన్ని పైకి చదవలేక, "ప్రభువా, ఇంకెంతసేపు?" అని లోలోపల ఏడ్చాను. ఆ నర్సు వచ్చిన ప్రతిసారీ నా వేళ్లు పట్టుకుని నాతోపాటు తానూ లెక్కపెట్టింది. ఆ తల్లిని దేవుడు దీవించును గాక. పొద్దెక్కాక 14, మధ్యాహ్నానికి 16. గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు.

వార్డుకు మార్చాక సంఘ పెద్ద ఒకాయన పరామర్శకు వచ్చారు. "నిజమైన విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి నడవాలి కదమ్మా! దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో" అన్నారు, మా అమ్మ ఎదుటే. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లాజరు జబ్బుపడ్డాడని అతని అక్కచెల్లెళ్లు పంపిన కబురు అందాక కూడా యేసు తానున్న చోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. మార్తను, ఆమె సహోదరిని, లాజరును ఆయన ప్రేమించాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో అంతకు ముందు వచనమే చెబుతోంది. ఆ అక్కచెల్లెళ్లు ఏ పాపం దాచారని ఆయన ఆలస్యం చేశాడు?

నాకు నరాల పైపొరే కాక లోపలి పోగులూ దెబ్బతిన్నాయి. అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతాయని డాక్టరు చెప్పినప్పుడు గుండె జారిపోయింది. నడుము నుంచి కాలి బొటనవేలు దాకా ఎంత దూరం! పోను పోను ఆ మాటే నాకు ఆసరా అయింది. నేను తొందరపడితే ఆ పోగు వేగం పెరగదు, నేను నిద్రపోతే ఆగదు. వృద్ధి కలుగజేసేవాడు దేవుడే.

కాళ్లలో మొదలైన తిమ్మిరి, నీరసం పైకి పాకుతుంటే ప్రార్థన చేయించుకోండి, ఆ రోజే నరాల డాక్టరు దగ్గరకూ వెళ్లండి. మొదటి రెండు వారాల్లో మందు పడితే ఎక్కువ మేలు. రోగిని చూడటానికి వెళ్లేవారు దయచేసి పాపాల లెక్క అడగకండి. వీలైతే ఒక పూట మంచం పక్కన మీరు కూర్చుని, వాళ్ల అమ్మను కాసేపు పడుకోనివ్వండి.