మూడు పూటలా, భోజనం తర్వాత

సికింద్రాబాద్‌లో నైట్ షెల్టర్ క్యాంపుకు వెళ్లడం మొదలుపెట్టాక నేను మందులు రాసే తీరే మారిపోయింది. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి "మూడు పూటలా, భోజనం తర్వాత" అని రాస్తే ఏం లాభం? అసలు మూడు పూటల భోజనం ఎక్కడిది? గ్లిబెంక్లమైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని ఆ రోజు తిండి దొరక్కపోతే షుగర్ పడిపోతుంది. రోడ్డు మీద తూలుతుంటే జనం తాగాడనుకుని పక్కకు తప్పుకుంటారు. అందుకే వీలైనంత వరకు, షుగర్‌ను అంతలా పడగొట్టని మెట్‌ఫార్మిన్ మాత్రతోనే నెట్టుకొస్తాం.

బీపీకి నీళ్ల మాత్ర వాడుతున్న ఒక పెద్దామె చెప్పింది: "అది వేసుకుంటే మాటిమాటికీ పోవాలి బిడ్డా. రాత్రిపూట ఆడమనిషిని, ఎక్కడికి పోను?" వెంటనే ఆమ్లోడిపిన్ అనే వేరే బీపీ మాత్రకు మార్చాం.

ఇన్సులిన్‌తో ఇంకో టెన్షన్. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నాలుగు వారాలు పనికొస్తుంది. మే నెల ఎండలో, భుజాన సంచిలో? షెల్టర్ కేర్‌టేకర్ దగ్గర మట్టికుండలో పెట్టిస్తున్నాం. పొద్దున అక్కడే వేయించుకుని కూలికి పోతారు.

టీబీ పేషెంట్లకు మంచి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబర్‌లో నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. మంచిదే. కానీ అది బ్యాంకు ఖాతాలో పడాలి. ఆధార్ కార్డు సంచితో సహా పోయినవాళ్లకు ఖాతా ఎలా? అందుకే మా వాలంటీర్ పిల్లలకు ఇప్పుడు స్టెతస్కోప్ కన్నా జిరాక్స్ షాపు ఎక్కువ పరిచయం.